మ్యాపులో ఆకుపచ్చ, బోరులో దుమ్ము: పెన్నా బేసిన్ భూగర్భజల పటాలను ఎలా చదవాలి

క్లుప్తంగా

రాతి రకం, భూమి వాలు, పగుళ్లు, నేల, వాన వంటి వివరాలను కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి పేర్చి, భూగర్భజలం దొరికే అవకాశం ఎక్కడ ఎక్కువో జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) పటాలు చూపిస్తాయి. నీటిని పట్టి ఉంచే గుణం భూమికి ఎంత ఉందన్నది వాటి విషయం. అక్కడ ఈ రోజు ఎన్ని నీళ్లు మిగిలాయో అవి చెప్పవు. పెన్నా లాంటి కరువు బేసిన్‌లో (నదీ పరీవాహక ప్రాంతంలో) ఈ తేడా పట్టించుకోకపోతే పటం మరిన్ని బోర్లకు దారి చూపుతుంది. పట్టించుకుంటే వాన నీటిని ఎక్కడ ఇంకించాలో, ఏ ఊళ్లో ఏ పంట తగ్గించాలో ఆలోచించడానికి పనికొస్తుంది.

రాయలసీమలో బోరు పాయింటు పెట్టించుకోవాలంటే రైతుకు చాలాకాలం రెండే దారులు. కొబ్బరికాయో, పంగల వేపపుల్లో పట్టుకుని పొలమంతా తిరిగే మనిషిని పిలవడం ఒకటి. భూమిలోకి కరెంటు పంపి రాతి నిరోధం కొలిచే మిషన్‌తో జియాలజిస్టును రప్పించడం రెండోది. ఇప్పుడు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల పటాలు ఫోన్లోనే కనిపిస్తున్నాయి. ఉపగ్రహం చూసి చెప్పిందంటే తప్పు ఉండదన్న నమ్మకం వాటి వెంటే వస్తోంది. ఆకుపచ్చ రంగు పడిన పొలంలో బోరు ఫెయిలైతే మొత్తం పద్ధతే బూటకం అనే మాటా వినిపిస్తోంది. పటం ఎలా తయారవుతుందో చూస్తే ఈ రెండు అభిప్రాయాలూ నిలబడవు.

ఒకే నది, మూడు రకాల భూమి

పెన్నా కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. పరీవాహక ప్రాంతం 55,213 చదరపు కిలోమీటర్లు. ఇందులో 48,276 చదరపు కిలోమీటర్లు ఆంధ్రప్రదేశ్‌లో, మిగతాది కర్ణాటకలో ఉంది. జయమంగళి, చిత్రావతి, పాపాఘ్ని, కుందూ, సగిలేరు, చెయ్యేరు దీని ముఖ్య ఉపనదులు.

ఎగువన అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో ఉన్నది ఎక్కువగా గ్రానైట్, నైస్ బండ. ఈ రాళ్లలో నీళ్లు నిలిచే ఖాళీలు సహజంగా ఉండవు. ఎండకూ వానకూ నాని మెత్తబడిన పైపొర, దాని కింద బండలోని పగుళ్లు, ఈ రెండే అక్కడ నీటికి చోటు. పైపొర చాలాచోట్ల 20 మీటర్లు కూడా ఉండదు. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. వెయ్యి అడుగులు దింపినా దుమ్మే వచ్చిన బోర్ల కథ వెనక ఉన్న కారణం ఇదే.

తాడిపత్రి దాటి కడప, నంద్యాల వైపు వస్తే భూమి మారిపోతుంది. క్వార్ట్‌జైట్ కొండలు, షేల్ పొరలు, నాపరాయి గనుల సున్నపురాయి మొదలవుతాయి. సున్నపురాయిని నీరు కరిగిస్తుంది. బేలం గుహలు అలా ఏర్పడినవే. ఇలాంటి చోట ఒక బోరుకు ధారాళంగా నీళ్లు పడి, కొద్ది దూరంలోని ఇంకో బోరుకు చుక్క పడకపోవచ్చు. నెల్లూరు చేరేసరికి నది తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుక. అక్కడ నీళ్లు దొరకడం కష్టం కాదు, తీరం దగ్గర అవి ఉప్పగా ఉంటాయేమోనన్నదే చిక్కు.

ఈ మూడింటి మధ్య తేడా అంకెల్లో ఇంకా బాగా కనిపిస్తుంది. దేశంలో భూగర్భజలాల అంచనాకు వాడే ప్రమాణాల ప్రకారం, బంకమట్టి తక్కువగా ఉన్న మెత్తబడిన గ్రానైట్ పొర తన ఘనపరిమాణంలో సుమారు 3 శాతం నీటినే విడుస్తుంది. బంకమట్టి ఎక్కువైతే 1.5 శాతమే. మామూలు సున్నపురాయికి 2 శాతం, గుహలు పడిన సున్నపురాయికి 8 శాతం, ఇసుక ఒండ్రుకు 16 శాతం తీసుకుంటారు. ఎకరా పొలం కింద నీటిమట్టం ఒక మీటరు పడిపోయిందనుకుందాం. ధర్మవరం వైపు గ్రానైట్ నేలలో అప్పుడు బయటికొచ్చిన నీరు దాదాపు 1.2 లక్షల లీటర్లు. నెల్లూరు ఇసుక ఒండ్రులో అదే మీటరుకు 6.5 లక్షల లీటర్లు వస్తాయి.

పొరల మీద పొరలు

జీఐఎస్ అంటే స్థలంతో ముడిపడిన సమాచారాన్ని పొరలుగా దాచి, వాటితో లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్. భూగర్భజల పటానికి సాధారణంగా ఎనిమిది పొరలు తీసుకుంటారు: రాతి రకం, భూస్వరూపం (గుట్ట, పూడిక నేల వంటి నేల ఆకారం), పగుళ్ల రేఖలు, వాలు, వాగులూ వంకల సాంద్రత, నేల, భూ వినియోగం, వర్షపాతం. రాతి పటాలు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ నుంచి వస్తాయి. ఎత్తుపల్లాలకు 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ రాడార్‌తో తీసిన కొలతలో, మన కార్టోశాట్-1 చిత్రాలో వాడతారు. భూ వినియోగానికి రిసోర్స్‌శాట్, సెంటినెల్-2 చిత్రాలు ఆధారం.

ఇక్కడొక అపోహ తొలగాలి. ఈ ఉపగ్రహాలేవీ భూమి లోపలి నీటిని చూడవు. పైన కనిపించే ఆనవాళ్లను బట్టి లోపల ఏముందో ఊహించడమే జరుగుతుంది. భూమ్యాకర్షణలో మార్పును కొలిచి నీటి పెరుగుదల, తరుగుదల పసిగట్టిన గ్రేస్ ఉపగ్రహాలు 2002లో ఎగిరాయి, వాటి వారసులు 2018లో వెళ్లాయి. కానీ అవి వందల కిలోమీటర్ల విస్తీర్ణానికి కలిపి ఒక్క అంకె ఇస్తాయి. ఒక మండలం గురించి కూడా వాటిని అడగలేం.

ఎనిమిది పొరల్లో ప్రతిదానికీ ఒక ప్రాధాన్యం, ఆ పొరలోని ప్రతి రకానికీ 1 నుంచి 5 వరకు మార్కులు ఇస్తారు. ఉదాహరణకు భూస్వరూపానికి 25, రాతికి 20, పగుళ్లకు 20, వాలుకు 10, వాగుల సాంద్రతకు 10, మిగతా మూడింటికి ఐదేసి చొప్పున, మొత్తం 100 అనుకుందాం. వంక పక్కన పూడిక నేలకు భూస్వరూపంలో 5, రాతిలో 3, పగుళ్లలో 4, వాలులో 5, వాగుల్లో 3, వానలో 2, నేలలో 4, భూ వినియోగంలో 4 మార్కులు వస్తే ప్రాధాన్యాలతో గుణించి కూడినప్పుడు 3.95 అవుతుంది. బోడిగుట్టకు వరుసగా 1, 1, 2, 1, 2, 2, 1, 1 వస్తే 1.35. ఇలా బేసిన్‌లోని లక్షలాది చిన్న చదరాలకు లెక్కగట్టి, ఎక్కువ వచ్చినవాటికి ఆకుపచ్చ, తక్కువ వచ్చినవాటికి ఎరుపు వేస్తారు.

ఈ రంగులు ఆ బేసిన్‌లోని చదరాలను ఒకదాంతో ఒకటి పోల్చి వేసినవి. పెన్నాలో "చాలా మంచిది" అన్న తరగతి గోదావరి డెల్టాలో మామూలు చోటుకు కూడా సరిరాకపోవచ్చు. తరగతుల హద్దులు చాలాసార్లు సాఫ్ట్‌వేరే పంచుతుంది. 3.34 వచ్చిన పొలం పసుపులో, 3.36 వచ్చిన పక్క పొలం ఆకుపచ్చలో పడితే, ఆ తేడా భూమిలో ఉందని అనుకోకూడదు.

గీతలన్నీ పగుళ్లు కావు

గ్రానైట్ నేలలో అన్నిటికంటే ముఖ్యమైనది పగుళ్ల పొర. ఎక్కువ తప్పులు దొర్లేదీ అక్కడే. ఉపగ్రహ చిత్రంలో తిన్నగా సాగే గీతలను లీనియమెంట్లు అంటారు. తిన్నగా పోయే వంక, వరసగా పచ్చగా కనిపించే చెట్లు, అకస్మాత్తుగా మారే నేల రంగు లోపలి పగులుకు గుర్తు కావచ్చు. కానీ రోడ్డు, కాలువ, పొలం గట్టు కూడా చిత్రంలో అలాంటి గీతలే. కంప్యూటర్‌తో గీయిస్తే ఇవన్నీ కలిసిపోతాయి. మనిషి కూర్చుని ఏరివేసినా ఇద్దరు నిపుణులు గీసిన గీతలు పూర్తిగా కలవవు.

నిజంగా పగులే అయినా, అందులో నీరుండాలన్న నియమం లేదు. బంకమట్టితో పూడిపోయి ఉండొచ్చు. అనంతపురం ప్రాంతంలో డోలరైట్ డైకులు మరో చిక్కు. పాత పగుళ్లలోకి కరిగిన శిలాద్రవం ఎక్కి గట్టిపడిన నల్లరాతి గోడలివి. పొలాల మీదుగా కిలోమీటర్ల పొడవున నల్లని గుండ్ల వరసలుగా కనిపిస్తాయి. చిత్రంలో డైకు కూడా చక్కని గీతే. అయితే గట్టి డైకు భూమిలోపలి ఆనకట్టలా పనిచేసి నీటిని ఒకవైపే ఆపుతుంది. ఎగువవైపు పొలానికి జల పడుతుంది, దిగువవైపు పొలం ఎండిపోతుంది. గీతల సాంద్రతను లెక్కించే పద్ధతి మాత్రం రెండువైపులా ఒకే మార్కు వేస్తుంది. డైకులను విడిగా గుర్తించి, నీటి వాలు ఎటో చూసి మార్కులు వేసిన పటం మీద మాత్రమే రాయలసీమలో నమ్మకం పెట్టుకోవాలి.

వాగుల సాంద్రత విషయమూ ఇలాంటిదే. వాగులు దట్టంగా ఉంటే వాన నీరు ఇంకకుండా పారిపోతోందని అర్థం చెప్పి తక్కువ మార్కులిస్తారు. కానీ బండనేలలో వంకలు తరచుగా పగుళ్ల వెంబడే నడుస్తాయి. సున్నపురాయి ప్రాంతంలో నీరు నేరుగా లోపలికి దిగిపోవడం వల్ల పైన వాగులే తక్కువ. ఒకే ఆనవాలుకు మూడుచోట్ల మూడు అర్థాలున్నప్పుడు బేసిన్ మొత్తానికి ఒకే ప్రాధాన్యాల జాబితా వాడటం పొరపాటు. పెన్నాను కనీసం గ్రానైట్, కడప రాళ్లు, ఒండ్రు అని మూడుగా విడగొట్టి, వేర్వేరుగా లెక్కగట్టడమే సరైన పద్ధతి.

మార్కులు వేసేది మనిషే

ప్రాధాన్యాలు ఎలా తేలుస్తారు? ఎక్కువగా వాడేది గణితవేత్త థామస్ సాటీ 1970లలో రూపొందించిన ఏహెచ్‌పీ (అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్) పద్ధతి. పొరలను జతలుజతలుగా తీసుకుని, దేనికంటే ఏది ఎంత ముఖ్యమో 1 నుంచి 9 వరకు నిపుణుడు చెబుతాడు. ఆ సమాధానాల నుంచి ప్రాధాన్యాలు లెక్కకొస్తాయి. సమాధానాలు ఒకదానికొకటి పొసుగుతున్నాయా అని చూసే కొలత కూడా ఉంది. అది 0.1 కంటే తక్కువుంటే సరిపోయిందంటారు.

ఈ కొలతను చాలా వ్యాసాలు పటం నిజమని చెప్పే సర్టిఫికెట్‌గా చూపిస్తాయి. అది సరికాదు. నిపుణుడు తన మాటకు తాను కట్టుబడ్డాడని మాత్రమే అది చెబుతుంది. తప్పు అభిప్రాయాన్ని కూడా ఎక్కడా తడబడకుండా చెప్పవచ్చు. పైగా వాలు, వాగుల సాంద్రత రెండూ ఒకే ఎత్తుపల్లాల కొలత నుంచి వస్తాయి, భూస్వరూపమూ కొంతవరకు దాని మీదే ఆధారపడుతుంది. ఒకే విషయానికి మూడు పేర్లతో మార్కులు పడి, చదునైన నేలలన్నీ మంచివిగా తేలే ప్రమాదం ఉంది.

మెషిన్ లెర్నింగ్ పద్ధతులు ఈ అభిప్రాయాలను పక్కనపెట్టి, ఉన్న బోర్ల దిగుబడి నుంచే నేర్చుకుంటాయి. అయితే నేర్పడానికి వాడే బోర్ల జాబితాలోనే లోపం ఉంటోంది. నీళ్లు పడిన బోరుకు మోటారు, కరెంటు కనెక్షన్, రికార్డు ఉంటాయి. ఫెయిలైన బోరులోంచి కేసింగ్ పైపు పీకేసి, గుంత పూడ్చేస్తారు. అది ఏ రిజిస్టరులోకీ ఎక్కదు. ఫెయిలైనవి లేని జాబితాతో సరిచూస్తే ప్రతి పటమూ పాసవుతుంది. పక్కపక్క బోర్లలో కొన్నిటితో నేర్పి, మిగతావాటితో పరీక్ష పెట్టినా ఫలితం ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. వేరే ఉపనది లోయలోని బోర్లతో పరీక్షించినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

నీటి పద్దు పటంలో ఉండదు

అన్నిటికంటే పెద్ద గందరగోళం ఇక్కడుంది. పటం చెప్పేది పాత్ర ఎంతదో మాత్రమే. అందులో మిగిలిన నీళ్లు ఎన్నో చెప్పదు. రాయి, వాలు, పగుళ్లు ఇరవై ఏళ్లలో మారవు. నీటిమట్టం ఒక్క వేసవిలోనే మారిపోతుంది. పటంలో మంచి చోట్లుగా తేలే వంక పక్కల పూడిక నేలల్లోనే తరతరాలుగా బావులు తవ్వారు, ఆ తర్వాత బోర్లు వేశారు. అందుకే అత్యంత "అనుకూలమైన" చోటు చాలాసార్లు అత్యధికంగా తోడేసిన చోటు అవుతుంది.

ఒక ఎకరాకు పద్దు వేస్తే పరిస్థితి అర్థమవుతుంది. అనంతపురం ప్రాంతంలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్లు. ఎకరా మీద అది 22 లక్షల లీటర్లు. ఇందులో మెత్తబడిన గ్రానైట్ నేలలో భూగర్భానికి చేరేది, ప్రమాణాల ప్రకారం, 11 శాతం. అంటే సుమారు 2.4 లక్షల లీటర్లు. సగటు వాన పడిన ఏడాది నీటిమట్టం దీనివల్ల రెండు మీటర్లు పైకి వస్తుంది. అదే ఎకరాలో వరి వేస్తే 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలని లెక్కేసుకున్నా 48 లక్షల లీటర్లు తోడాలి. మడిలో పెట్టిన నీళ్లలో కొంత తిరిగి ఇంకుతుంది. కానీ నీటిమట్టం 25 మీటర్ల కంటే లోతున ఉంటే ఆ భాగం 20 శాతమే అని ప్రమాణాలు చెబుతాయి. అది తీసేసినా, బోరు కింద ఒక్క ఎకరా వరి చుట్టుపక్కల 16 ఎకరాల ఏడాది ఊటను తాగేస్తుంది. ఏ రంగు పటమూ ఈ పద్దును మార్చలేదు.

తోడకం లెక్కలకు వేరే పటం ఉంది. ఏటా ఊరే నీటిలో తోడుతున్నది 70 శాతం లోపు ఉంటే సురక్షితం, 70 నుంచి 90 వరకు పాక్షిక సంక్లిష్టం, 90 నుంచి 100 వరకు సంక్లిష్టం, 100 దాటితే అతి వినియోగం అని కేంద్ర భూగర్భజల మండలి, రాష్ట్రాలు కలిసి వర్గీకరిస్తాయి. అవకాశాల పటాన్ని ఈ వర్గీకరణతో, పిజోమీటర్ల (నీటిమట్టం కొలవడానికి వేసిన పరిశీలక బోర్ల) నీటిమట్టాలతో కలిపి చదవాలి. అవకాశం ఎక్కువ, తోడకం కూడా ఎక్కువ అయిన చోట కొత్త బోరు వేస్తే పక్క రైతు బోరులోని నీళ్లే ఇటు వస్తాయి. అవకాశం ఎక్కువుండి, తోడకం తక్కువున్న చోట్లు పెన్నా ఎగువన అరుదు.

నీటి నాణ్యత కూడా ఈ రంగుల్లో లేదు. గ్రానైట్ ప్రాంతాల్లో ఫ్లోరైడ్ పాత సమస్య. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు, వేరే ఆధారం లేకపోతే 1.5 దాకా అనుమతిస్తారు. నెల్లూరు తీరంలో ఉప్పునీరు చొచ్చుకొచ్చిన చోటు కూడా పటంలో పచ్చగానే ఉండే అవకాశం ఉంది, ఎందుకంటే ఒండ్రుకు పూర్తి మార్కులు పడతాయి.

22 సెంట్ల చదరం, ఆరున్నర అంగుళాల రంధ్రం

ఎత్తుపల్లాల కొలతలో ఒక్కో చదరం 30 మీటర్లు. అంటే 900 చదరపు మీటర్లు, దాదాపు 22 సెంట్లు. దాన్ని చూసి పటం 22 సెంట్ల వరకు వివరం చెబుతుందని అనుకోవడం తప్పు. రాతి పటం 1:50,000 స్కేలుదైతే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. వర్షపాతం చదరాలు తరచుగా పాతిక కిలోమీటర్లకు పైగా ఉంటాయి. పటం వివరం అన్నిటికంటే ముతక పొరను మించదు. ఇటు చూస్తే నీళ్లిచ్చే పగులు మీటరు వెడల్పు కూడా ఉండకపోవచ్చు, దానిలోకి దించే బోరు ఆరున్నర అంగుళాలు. పటాన్ని చూసి ఏ వంక లోయలో వెతకాలో నిర్ణయించవచ్చు. పాయింటు పెట్టడానికి నేల మీద నిరోధ సర్వే చేయించాల్సిందే, చుట్టుపక్కల బోర్ల లోతు, దిగుబడి కనుక్కోవాల్సిందే.

పటం నిజంగా ఉపయోగపడే చోటు

హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం రాజీవ్ గాంధీ జాతీయ తాగునీటి మిషన్ కోసం 1:50,000 స్కేలులో భూగర్భజల పటాలు తయారుచేసింది. ఇస్రో వారి భువన్ పోర్టల్‌లో వాటిని చూడొచ్చు. పరిశోధన పత్రాల్లో వచ్చే రంగుల పటాలకంటే ఇవి ఒక మెట్టు పైన ఉంటాయి. ప్రతి భూభాగానికీ ఎలాంటి బావి నప్పుతుంది, ఎంత లోతు, ఎంత దిగుబడి ఆశించవచ్చు, విజయావకాశం ఎంత, నీళ్లు ఇంకించే అవసరం ఎంత, దానికి ఏ కట్టడం సరిపోతుంది అన్నది పట్టికలో రాసి ఉంటుంది. "మంచిది", "మధ్యస్థం" అనే మాటల కంటే ఆ పట్టిక రైతుకు, ఇంజినీరుకు ఎంతో మేలు.

నీళ్లు ఇంకించే పనికి ఈ పద్ధతి బాగా సరిపోతుంది. చెక్‌డ్యామ్, ఊట కుంట ఎక్కడ కడితే నీరు దిగుతుందో తేల్చడానికి అరంగుళం కచ్చితత్వం అక్కర్లేదు. పగుళ్లున్న, బంకమట్టి తక్కువున్న, తక్కువ వాలున్న వంక భాగాన్ని గుర్తిస్తే చాలు. నిధులు వచ్చిన ఊరిలో ఖాళీ స్థలం దొరికిన చోట కట్టేసి, బంకనేల మీద నీళ్లు ఎండకు ఆవిరవుతుంటే చూడటం కంటే ఇది ఎన్నో రెట్లు నయం. డైకుకు ఎగువన కట్టాలా, దిగువన కట్టాలా అన్న ప్రశ్నకూ పటం జవాబు ఇవ్వగలదు.

తోడకం విషయంలో పటం ఒక్కటే చాలదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బావుల రిజిస్ట్రేషన్‌ను తెచ్చింది, ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బావికి అనుమతి తప్పనిసరి చేసింది. అమలు మాత్రం అంతంతమాత్రం. దీనికి భిన్నంగా 2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతుల భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టు నడిచింది. అందులో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచి గోడ మీద రాసుకున్నారు, రబీకి ముందు కూర్చుని ఊళ్లో ఉన్న నీరెంత, వేయబోయే పంటలకు కావలసినదెంత అని పద్దు వేశారు. ఏ పంట వేయాలన్న నిర్ణయం ఎవరిది వారికే వదిలేశారు. జీఐఎస్ పటం ఇలాంటి పద్దు పక్కన గోడ మీద వేలాడితే, ఊరి కింద పాత్ర ఎంతదో పటం చెబుతుంది, ఈ ఏడాది దానిలో ఎంత మిగిలిందో రైతులు కొలిచిన అంకెలు చెబుతాయి.